కృపావతి కోసం వచ్చినవాళ్ళు

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో నేనూ కృపావతీ వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కల్లో చేరాం. నాది కొత్తపేట. తనది రాజోలు వెళ్ళే దారిలో, తాటిపాక దగ్గర ఒక చిన్న ఊరు. ఇద్దరం కోనసీమ వాళ్ళమే అయినా అంతకుముందు ఒకరినొకరం చూసింది లేదు. లేడీస్ హాస్టల్లో గదులిచ్చే మేడంగారు మా అడ్రసులు చూసి, "మీరిద్దరూ ఒకే గోదారి నీళ్ళు తాగినవాళ్ళు, ఒకే గదిలో ఉండండి" అన్నారు. అలా కలిశాం.

ఆ రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆ గది వాసన. కొబ్బరి నూనె, సముద్రపు గాలి, కిటికీకి ఆరేసిన చీరల గంజి. సాయంత్రం క్లాసులయ్యాక బీచి రోడ్డు దాకా దిగి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కుని, మళ్ళీ ఆ ఎత్తంతా ఆయాసపడుతూ ఎక్కేవాళ్ళం. మెస్సులో నీళ్ళ సాంబారు ముందు కూర్చుని కృపావతి వాళ్ళమ్మ పెట్టే చింతకాయ చేపల పులుసు గురించి చెప్పేది. "నువ్వు చేపలు తినవు, నీకు చెప్పి ఏం లాభం" అని తనే మళ్ళీ విసుక్కునేది.

ఆమె లెక్క చేసే తీరు వేరు. బల్ల దగ్గర కూర్చునేది కాదు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ, ఏదో కీర్తన సన్నగా పాడుకుంటూ చేసేది. పాట ఆగిందంటే లెక్క తేలిందని మాకు తెలిసిపోయేది. గదిలోకొచ్చి గబగబా రాసేసేది. మా ప్రొఫెసరుగారు ఒకసారి ఆమె చేసిన లెక్కని బోర్డు మీద వేయించి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేనింత పొట్టిగా ఎప్పుడూ చెయ్యలేదమ్మా" అన్నారు. ఫస్టు ర్యాంకు ఎవరిదన్న విషయంలో మా క్లాసులో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

కృపావతి నాన్నగారు అబ్రహాము మాష్టారు మిషను ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. ఆయన తల్లిదండ్రులు ఇతరుల చేలల్లో కూలి చేసినవాళ్ళు. వాళ్ళ పేటలో టీచరు ట్రైనింగుకి వెళ్ళిన మొదటి మనిషి ఆయనే. ఆయన చదువుకునే రోజుల్లో పేటలోని ఆడవాళ్ళు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవారట. వారానికోసారి ఆ బియ్యం పోగుచేసి ఆయనకి పంపేవారట. కృపావతికి ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఆ సంగతి చెబుతూనే ఉన్నారు. "మనింట్లో చదువు మనొక్కళ్ళది కాదమ్మా" అనేవారట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆమె మొహంలో గర్వమే కనిపించేది గాని బరువు కనిపించేది కాదు.

మేం చేరిన రెండో నెలలోనే ఒకరోజు పొద్దున్న వాచ్‌మన్ గంగయ్య పైకి కబురు పంపాడు, కృపావతి కోసం ఊరి నుంచి ఎవరో వచ్చారని. ఇద్దరం దిగాం. గేటు పక్కన సిమెంటు బెంచీ మీద నూకాలమ్మ అని ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన మెడ దగ్గర పెద్ద వాపుతో ఆవిడ కూతురు కూర్చుని ఉన్నారు.

"వందనాలమ్మా. మాష్టారు చెప్పేరు, మా అమ్మాయి అక్కడే ఉంది, వెళ్ళి కలవండని. పెద్దాసుపత్రిలో మాకెవరు తెలుసండీ? ఏ గదిలోకెళ్ళాలో, ఎవర్ని అడగాలో. నోరు లేనోళ్ళం" అంది నూకాలమ్మ.

"మంచి పని చేసేరు పిన్నీ. ముందు టిఫిను చేద్దురుగాని రండి" అంది కృపావతి.

ఆ రోజు ఆమె క్లాసుకి రాలేదు. వాళ్ళని తీసుకుని ఆసుపత్రికి దిగి, ఓపీ చీటీ రాయించి, డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పింది విని వాళ్ళకి తెలుగులో చెప్పి, చూపించాల్సిన చోటల్లా చూపించి సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆపరేషను అయ్యేదాకా రోజూ వెళ్ళొచ్చింది. నూకాలమ్మ కూతురు మెడ నున్నగా చేసుకుని ఇంటికెళ్ళింది.

ఇక చూడండి. బస్సుల్లో, రేవుల్లో, కొబ్బరికాయలు వలిచే పాకల్లో ఆ మాట పాకిపోయింది. వాల్తేరులో మన మాష్టారమ్మాయి ఉంది, నిమ్మళంగా చూపిస్తుంది, ఆడవాళ్ళయితే ఏ సంగతైనా సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చు. మొదట వాళ్ళ పేటవాళ్ళు, తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, కులమూ మతమూ ఏదీ లేదు, ఆ తర్వాత అంబాజీపేట నుంచి, ముమ్మిడివరం నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. ఎవరూ ఉత్త చేతులతో వచ్చేవారు కాదు. అరటి గెల, పనసపొట్టు, ఎండురొయ్యలు, ఒకసారైతే కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. దాన్ని చూసి మేడంగారు కేకలేస్తే హాస్టలంతా నవ్వింది. మా మంచం కింద ఎప్పుడూ కొబ్బరికాయలు దొర్లుతూ ఉండేవి.

ఆ మొదటి ఏడాది కృపావతికి అది నిజంగా సంతోషమే. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "ఇవాళ డాక్టరుగారు నన్ను నర్సనుకుని తిట్టేరు తెలుసా" అని నవ్వేది. ఆసుపత్రిలో కాన్పయిన ఒకామె పిల్లకి కృపావతి అని పేరు పెట్టారు. పోయిన పాఠాలు నా నోట్సు చూసి ఒక్క పూటలో పట్టేసేది.

రెండో ఏడాది వచ్చేసరికి వారం తప్పకుండా ఎవరో ఒకరు గేటు దగ్గర ఉండేవారు. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. నా నోట్సు ఆమె బల్ల మీద అలాగే పడి ఉండేది. వరండాలో నడక ఆగిపోయింది. ఆదివారం ఆరాధనకి వెళ్ళడం మానేసి పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం ముందు కూర్చుని వేళ్ళతో కెలికి లేచిపోయేది. కింద నుంచి గంగయ్య గొంతు వినిపిస్తే చాలు, ఎవర్ని పిలిచినా సరే, చేతిలో ఉన్నది వదిలేసి ఊపిరి బిగబట్టేది.

నేను ఉండబట్టలేక అన్నాను. "రెండుసార్లు వెళ్తే ఒకసారి మానెయ్ కృపా. లేను, ఊరెళ్ళేనని చెప్పించు."

"ఎలా చెప్పించను? వాళ్ళు పొద్దున్నే రాజోల్లో బస్సెక్కి, రాజమండ్రిలో రైలెక్కి, రైల్లో కింద కూర్చుని వచ్చినోళ్ళు కామాక్షీ. నన్ను చూడగానే వాళ్ళ మొహాలెలా అయిపోతాయో నీకు తెలీదు."

"మరి నీ మొహం?"

ఆమె చెప్పులేసుకుని కిందికి దిగింది.

డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో ముమ్మిడివరం దగ్గర నుంచి సత్తియ్య అనే ఆయన భార్య వీరాయమ్మని తీసుకొచ్చాడు. ఆమెకి కడుపులో ఏదో గడ్డ. ఆ రోజు నేనూ తోడు వెళ్ళాను. ఓపీ ముందు పొడుగాటి వరస. వీరాయమ్మ గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అంతకుముందు కృపావతి ఇలాంటివాళ్ళ చెయ్యి పట్టుకుని ఏవో కబుర్లు చెబుతూ ఉండేది. ఆ రోజు మాత్రం, "ఏడిస్తే వరస ముందుకెళ్ళదమ్మా. ఊరుకోండి" అంది. కోపంగా అనలేదు. కోపమైనా బాగుండేదేమో. బస్సు కండక్టరు టిక్కెట్టు చింపిచ్చినట్టు అంది. వీరాయమ్మ వెంటనే ఏడుపు మింగేసింది.

ఆమెని వార్డులో చేర్చుకున్నారు. ఆపరేషనుకి ముందే పరిస్థితి విషమించి, కొద్ది రోజుల్లోనే పోయింది. ఆ మధ్యాహ్నం సత్తియ్య గేటు దగ్గరకొచ్చి ఆ సంగతి చెప్పాడు. కృపావతి వెళ్ళి, జరగాల్సినవన్నీ చూసి, శవాన్ని తీసుకెళ్ళే వ్యాను దాకా వెళ్ళి తిరిగొచ్చింది. మంచం మీద కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకుంది.

"కామాక్షీ, సత్తియ్యగారు చెప్పగానే నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య, రేపు క్లాసుకెళ్ళొచ్చు అనిపించింది."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపింది.

"ఏడుద్దామని చూసేను. రాలేదు. పాపం అనుకుందామంటే అదీ రాలేదు. వాళ్ళని చూస్తే నాకిప్పుడేమీ అనిపించట్లేదు. నేనిలాంటి మనిషినా?"

మరుసటి వారం డిపార్ట్‌మెంటులో పరీక్ష. కృపావతి నా పక్క వరసలో కూర్చుంది. ప్రశ్నపత్రం చూసింది, పెన్ను మూత తీసింది, అలాగే కూర్చుండిపోయింది. పరీక్ష అయ్యాక ఆమె కాయితం మీద పేరు, నంబరు తప్ప ఇంకేమీ లేవు. బయటికొచ్చాక, "అక్షరాలు కనిపిస్తున్నాయి. లోపలికి వెళ్ళట్లేదు" అంది. యూనివర్సిటీ డాక్టరుగారు నీరసం అని బలానికి సూదిమందు రాశారు. ఇప్పుడు అలాంటిదానికి ఏవో పేర్లున్నాయని వింటున్నాను. అప్పుడు మా ఎవరికీ ఏమనాలో తెలియలేదు.

నేనే ఆమెని ఇంటికి తీసుకెళ్ళాను. రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. రాజమండ్రిలో దిగి బస్సెక్కి, జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి ఇసక తిన్నెల మధ్య సన్నగా పారుతున్న గోదావరిని చూస్తూ, "ఇంటికెళ్ళి ఏం చెప్పాలి?" అంది. "ఒంట్లో బాగాలేదని చెబుదాం" అన్నాను. రావులపాలెం దాటాక మా కొత్తపేట వచ్చింది. దిగలేదు, ఆమెతోనే వెళ్ళాను.

ఆమె వచ్చిందని తెలిసి ఆ సాయంత్రమే పేటంతా వాళ్ళింటికొచ్చింది. నూకాలమ్మ మంచం మీద కూర్చుని ఆమె కాళ్ళు నొక్కడం మొదలుపెట్టింది. ఎవరో రాగిజావ తెచ్చారు. అందరూ కళ్ళు మూసుకుని ఆమె కోసం ప్రార్థన చేశారు. వాళ్ళలో సగం మందిని ఆమె ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించి ఉంటుంది. అంత ప్రేమ మధ్య కృపావతి తడిసిన గుడ్డలా కూర్చుంది. అందరూ వెళ్ళాక నేనే అబ్రహాము మాష్టారికి, వాళ్ళమ్మ సుందరమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

సుందరమ్మగారికి నా మాటలు నచ్చలేదు. "పది మందికి చేసేవాళ్ళకి ఆ దేవుడే బలమిస్తాడమ్మా. అడిగినోళ్ళకి లేదనమని పిల్లకి ఎలా చెబుతాం?" అన్నారు. మాష్టారు మాత్రం బడి పిల్లల పలకలు తుడిచే పాత గుడ్డొకటి చేతిలో ఉంటే, దాన్ని మడతపెట్టి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టారు.

కృపావతి ఆ ఏడాది పరీక్షలు రాయలేదు. నేను ఏప్రిల్లో రాసి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూసింది కొంత, ఆమె చెప్పింది కొంత.

మే నెల సెలవులివ్వగానే మాష్టారు వాల్తేరు వెళ్ళారు. ఎవరికీ కారణం చెప్పలేదు. ఆ వారం ఊరి నుంచి ఆసుపత్రికి బయల్దేరిన ఇద్దరు రోగుల్ని తనతో తీసుకెళ్ళారు. సత్రంలో దిగి, పొద్దున్నే వాళ్ళని వెంటబెట్టుకుని వరసలో నిలబడి, డాక్టర్ల చుట్టూ తిరిగి, రక్తం పరీక్షలకని ఒక చోటికీ మందులకని ఇంకో చోటికీ నడిచి, వాళ్ళ ఏడుపులు విని, వాళ్ళకి అన్నాలు పెట్టించి తిరిగొచ్చారు. వచ్చాక ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకున్నారు. కృపావతి మంచినీళ్ళు తీసుకెళ్తే లేచి కూర్చుని ఆమె మొహంలోకి చూశారట.

"ఆ రెండో ఆవిడ మీద నేను విసుక్కున్నానమ్మా. ఒక్క వారానికే. నువ్వు చదువుకుంటా, ఏడాదిన్నర చేసేవు" అన్నారు.

"నాన్నా, నేను..."

"నీకు మనసు లేక కాదు. ఉన్నదంతా అయిపోయింది. అంతే."

మరుసటి ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరుగారిని అడిగి మాష్టారు లేచి నిలబడ్డారు. నేనా రోజు కృపావతిని చూడ్డానికి వెళ్ళి, ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. ఆయన మెల్లిగా, పిల్లలకి పాఠం చెప్పినట్టే చెప్పారు.

"నేను ట్రైనింగుకెళ్ళినప్పుడు మీరంతా పిడికెడు బియ్యం తీసి పెట్టేరు. ఒక్క ఇల్లే నన్ను చదివించాల్సొస్తే ఆ ఇల్లు మాడిపోయేది. మా అమ్మాయి దగ్గరకి మాత్రం అందరం కలిసి ఒక్కదాని మీదకే వెళ్ళేం. పంపించింది నేనే. తప్పు ముందు నాది. ఇకనించి పెద్దాసుపత్రికెళ్ళాలంటే నాకు చెప్పండి. మనలో చదవడం వచ్చినోళ్ళు ఉన్నారు. వంతులేసుకుని తోడెళ్దాం. మా అమ్మాయి హాస్టలు గేటు దగ్గరకి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు."

వెనక నుంచి నూకాలమ్మ గొంతు వినిపించింది. "ఆయ్, మరి మాకు ముందే చెప్పొచ్చు కదండీ మాష్టారూ. మేం అంత తెలివితక్కువోళ్ళమా? నేనెళ్ళొచ్చేను, నాకు దారి తెలుసు. మొదటి వంతు నాదే రాసుకోండి." అందరూ నవ్వారు. సుందరమ్మగారు నవ్వలేదు గాని, ఆ సాయంత్రం కూతురి జడ విప్పి నూనె రాస్తూ, "నాకెందుకు చెప్పలేదే?" అని మాత్రం అడిగారట.

కృపావతికి వెంటనే ఏమీ తేలికవలేదు. నాన్న అందరి ముందూ చెప్పినందుకు కొన్నాళ్ళు ఆయనతో సరిగా మాట్లాడలేదు. లెక్కల పుస్తకం తీసి మళ్ళీ మూసేసేది. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు, "ముమ్మిడివరం వెళ్ళాలి, నువ్వు రా" అని నాకు కబురు చేసింది. ఇద్దరం వెళ్ళాం. కాలవ గట్టున బురదలో నడిచి సత్తియ్య ఇల్లు పట్టుకున్నాం. ఆయన ఇంట్లో లేడు. ఆయన అక్కగారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. వీరాయమ్మ పెంచిన బంతి మొక్కలు కంచె పక్కన వానకి వంగిపోయి ఉన్నాయి. "దాని చెయ్యి మంచిదమ్మా, ఏది పాతినా వచ్చేది" అంది ఆవిడ. కాసేపు కూర్చుని లేచాం. తిరుగు బస్సులో, అమలాపురం ఇంకా రాకముందే, కృపావతి ముందు సీటు కమ్మీ మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది. బస్సులోవాళ్ళు తిరిగి చూశారు. నేను ఆపలేదు. రాజోలు బస్సులోకి మారాక కూడా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాతే ఆమె మళ్ళీ వాల్తేరు వెళ్ళింది. ఈసారి గదిలో నేను లేను. డెబ్బై తొమ్మిదిలో పరీక్షలు రాసి సెకండు క్లాసులో పాసయింది. మా ప్రొఫెసరుగారు చాలా బాధపడ్డారని విన్నాను. ఆమె మాత్రం పాసైనందుకు తీపి అంటూ నాకు కొబ్బరి లౌజు పంపింది. ర్యాంకు పోయినందుకు నాకే కొన్నాళ్ళు మనసు చివుక్కుమంటూ ఉండేది.

ఎనభై ఒకటిలో అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరింది. అక్కడే సహకార బ్యాంకులో పనిచేసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. నేను కొత్తపేటలో హైస్కూలు టీచరునయ్యాను. ఆమె క్లాసు చూసినవాళ్ళు లెక్కలు అంత నిదానంగా ఎవరూ చెప్పరనేవారు. అందరి రికార్డులూ రాసిపెట్టే అమ్మాయి, ఇంట్లో పనంతా చేసి చివరి బెంచీలో కునికే అమ్మాయి ఆమె కంటికి వెంటనే ఆనేవారు. రత్నమాల అని ఒక చురుకైన పిల్లని స్టాఫ్ రూముకి పిలిచి, "ఇవన్నీ నువ్వెందుకు రాస్తున్నావు?" అని అడిగిందట. "అడిగేరండి మేడం" అందట ఆ పిల్ల. "నీక్కావాలనిపించి రాసేవా, కాదనలేక రాసేవా? అది తేల్చుకుని రేపొచ్చి చెప్పు" అందట. ఆ పిల్ల రెండో రోజు వచ్చి, సగం తనకిష్టమై రాశానని, సగం భయానికి రాశానని చెప్పిందట. "అయితే ఆ రెండో సగం మానెయ్" అని పంపేసిందట కృపావతి.

ఎనభై ఆరు వానాకాలంలో ఒక ఆదివారం నేను అమలాపురం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలకి కూర్చోబోతుంటే గుమ్మంలోకి ఒకాయన వచ్చాడు. వాళ్ళ కోడలికి జబ్బు, వాల్తేరు తీసుకెళ్ళాలి. మాష్టారు ఎప్పుడో మొదలుపెట్టిన వంతుల ఏర్పాటు అప్పటికి అమలాపురం దాకా వచ్చింది. కృపావతి ఆయన్ని కూర్చోబెట్టి ఎన్నాళ్ళ నుంచి బాధపడుతోంది, ఎక్కడ చూపించారు, అన్నీ అడిగింది.

"ఈ నెల నా వంతు కాదండి. కృష్ణవేణి గారిది. పోస్టాఫీసు సందులో ఉంటారు. చాలా ఓపికమంతురాలు. పదండి, ఇల్లు చూపిస్తాను" అంది.

గొడుగు తీసుకుని ఆయనతో వెళ్ళి, కాసేపటికి వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. కాళ్ళు కడుక్కుని వచ్చి నాకు వంకాయ కూర వేసి, తను చేపల పులుసు వడ్డించుకుని కూర్చుంది. వాల్తేరు గది గురించీ, కోడిపుంజుని చూసి మేడంగారు వేసిన కేకల గురించీ మాట్లాడుకుంటూ ఉంటే పొద్దు తెలియలేదు. నేను కొత్తపేట బస్సు అందుకోవాలని లేస్తుంటే, "ఇంకో బస్సుంది, కూర్చో" అంది. కూర్చున్నాను.